దీపం బొమ్మకి ముందా, వెనకా?

తోలుబొమ్మని గోడకి తగిలించి ముందు నుంచి ట్యూబులైటు వేస్తే అది ఒట్టి నల్లటి తోలుముక్క. అదే బొమ్మని తెల్లపంచె తెరకి ఆనించి వెనక దీపం పెడితే ఎరుపూ పచ్చా ఒలికిపోయే రాక్షసుడు. గోదావరి డెల్టాలో ఒక చిన్న ప్రదర్శనశాలలో, పేరుతో ఇక్కడ పని లేదు, ఒక బొమ్మ ఏళ్ళ తరబడి మొదటి తీరులోనే వేలాడుతోంది. చూడ్డానికొచ్చిన పిల్లలు పక్కనున్న కత్తుల బీరువా దగ్గరికి వెళ్ళిపోతారు. తప్పు పిల్లలది కాదు, బొమ్మదీ కాదు. వెలుగు పెట్టిన చోటుది. ఆ సంగతి లేబులు మీద ఉండదు, కేటలాగు ఫొటోలో కూడా కనిపించదు. ఆ ప్రదర్శనశాల తన వస్తువుల్ని ఎలా చూపిస్తోందో ఫొటోలు తీసి, ఆ ఫొటోలతోనే ఒక ప్రదర్శన పెట్టాలని మేం కొందరం బయల్దేరాం. కనిపించేలా తియ్యాలంటే ఏం చెయ్యాలో పనిలో పడ్డాకే తెలిసింది. ఎవరైనా తమ ఊళ్ళో ఇలాంటి పని పెట్టుకుంటే అక్కరకొస్తుందని కొలతలతో సహా రాస్తున్నాం.

ముందు అర్జీ. అందులో మొదటి మూడు వాక్యాలూ మనం చెయ్యని పనుల గురించే ఉండాలి: ఫ్లాషు వాడం, మూడుకాళ్ళ స్టాండు పెట్టం, బీరువా తాళం తియ్యమని అడగం. తర్వాత ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని గంటలు, తీసిన ఫొటోల కాపీ ఒకటి ఆఫీసుకి ఎప్పుడు ఇస్తాం. సెలవు రోజు ఇమ్మని మాత్రం అడగొద్దు. జనం లేని గదిలో తీస్తే అది వస్తువుల ఫొటో అవుతుంది. మనకి కావలసింది వస్తువుకీ చూసేవాడికీ మధ్య ఏం పెట్టారన్నది.

మొదటి రెండు రోజులూ కెమెరా సంచిలోనే ఉంచండి. నోటుపుస్తకం, టేపు, ఫోనులో వెలుగు కొలిచే యాప్ చాలు. ఒక్కో బీరువాకి నాలుగు సంగతులు రాసుకోవాలి: వెలుగు ఏ వైపు నుంచి పడుతోంది, ఎన్ని లక్సులుంది (వెలుగు తీవ్రతకి కొలత లక్సు), వస్తువు నడిమధ్య నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, లేబులు మీద మాటలేంటి. నాలుగోదాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయాలి. ఎందుకంటే ప్రదర్శనశాల గుట్టంతా దాని క్రియాపదాల్లోనే ఉంటుంది. 'సేకరించబడినది' అంటారు. ఎవరు సేకరించారు, కొన్నారా, అడిగి తెచ్చారా, అడక్కుండా తెచ్చారా? ఆ 'బడు' అన్నీ మింగేస్తుంది. 'వీరు విల్లంబులతో వేటాడుతారు' అని ఇంకోటి. ఆ వేటాడేవాళ్ళ మనవలు రంపచోడవరం నుంచి బస్సెక్కి రాజమండ్రి కాలేజీలకి వస్తున్నా, లేబులు మాత్రం వర్తమాన కాలంలోనే నిలబడిపోయి ఉంటుంది. పల్లపు మనుషుల వస్తువులకి శతాబ్దాలూ రాజవంశాలూ రాస్తారు, కొండ మనుషుల వస్తువులకి కాలమే ఉండదు. మేం చదివిన వాటిలో దాత పేరు చాలా చోట్ల ఉంది. చేసిన మనిషి పేరు ఒక్కచోటా లేదు. నరసాపురం లేసు పక్కన మిషనరీలు నేర్పిన పని అని ఉంది, అది నిజమే. కానీ ఆ ముక్క అల్లిందెవరు, దానికి ఎంత ఇచ్చారు అన్న ఊసు లేదు.

ఈ అలవాటు కొత్తది కాదు. 1845లో కంపెనీ ఉద్యోగి వాల్టర్ ఇలియట్ తవ్వించిన అమరావతి శిల్పాలు మద్రాసు చేరి ఇలియట్ మార్బుల్స్ అన్న పేరు తెచ్చుకున్నాయి. 1858లో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరు లినియస్ ట్రైప్ అక్కడే వాటిని ఫొటోలు తీశాడు, మరుసటేడు చాలా భాగం లండన్‌కి ఓడెక్కాయి. చెక్కిన ఊరి పేరు పోయి మోయించుకెళ్ళిన దొర పేరు రాళ్ళకి అంటుకున్న ఆ రోజునే కెమెరా కూడా అక్కడ ఉంది. తెలుగునేల మీది వస్తువుల్ని ప్రదర్శనశాలలో తీసిన తొలి ఫొటోల్లో అవి ఉంటాయి. కాబట్టి కెమెరా పట్టుకుని ప్రదర్శనశాలని నిలదీస్తానని బయల్దేరేవాడు తన చేతిలో ఉన్నది కూడా అదే సామాను అని గుర్తుంచుకోవాలి.

ఇక తియ్యడం. ఒక్కో బీరువాకి మూడు రకాల ఫొటోలు.

మొదటిది సందర్శకుడి చూపు. కెమెరా ఎత్తు 150 సెంటీమీటర్లు, 35 మి.మీ. లెన్సు, అద్దానికి ఎదురుగా మీటరున్నర దూరం. తర్వాత అదే చోట 110 సెంటీమీటర్లకి దించి ఇంకోటి తియ్యండి. అది నాలుగో తరగతి పిల్లాడి చూపు. మా ప్రదర్శనశాలలో సగం లేబుళ్ళు ఆ ఎత్తు నుంచి చూస్తే ట్యూబులైటు మెరుపులో పూర్తిగా తెల్లబోయాయి. బడి పిల్లలు లేబులు చదవరని అక్కడి సిబ్బంది విసుక్కునేవారు. ఈ ఒక్క ఫొటో చూపించాక ఆ మాట అనడం మానేశారు.

రెండోది కొంచెం వెనక్కి జరిగి తీసేది. ఇందులో బీరువా మొత్తం, తాళంకప్ప, పైన ఫ్యాను, పక్కన స్విచ్చిబోర్డు, కాపలా మనిషి కుర్చీ అన్నీ రావాలి. ఫొటో తీసేవాళ్ళకి చెయ్యి ఆగదు. ఆ స్విచ్చిబోర్డుని చట్రంలోంచి తప్పించాలని లోపల నుంచి పీకుతూ ఉంటుంది. తప్పించకండి. తప్పిస్తే వచ్చేది కేటలాగే.

మూడోది లేబులు ఒక్కటే, చట్రం నిండా.

అసలు చిక్కు అద్దంతో. ఎదురుగా నిలబడితే వస్తువు కంటే ముందు మన మొహమే కనబడుతుంది. పోలరైజర్ ఫిల్టరు పెడితే పోతుందని అందరూ చెబుతారు. నిట్టనిలువుగా ఎదురుగా ఉన్నప్పుడు అది దమ్మిడీ పని చెయ్యదు. ఎదురు గీత నుంచి సుమారు 55 డిగ్రీలు పక్కకి జరిగితేనే దాని బలం పూర్తిగా తెలుస్తుంది, పైగా వెలుగులో ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది) తినేస్తుంది. అంతకంటే గజంన్నర నల్ల కాటన్ గుడ్డ నయం. మధ్యలో లెన్సు పట్టేంత కంత చేసి ఇద్దరు రెండు వైపులా పట్టుకోవాలి. శాటిన్ గుడ్డ తెస్తే అదే మెరుస్తుంది. తీసేవాళ్ళ చొక్కా కూడా ముదురు రంగుది ఉండాలి. మొదటి రోజు మాలో ఒకరు వేసుకొచ్చిన గళ్ళచొక్కా పదిహేను ఫొటోల్లో దర్శనమిచ్చింది.

కానీ ఆ ప్రతిబింబాన్ని ప్రతిసారీ చంపెయ్యకూడదు. మనకి పనికొచ్చే అసలు ఫొటో అందులోనే ఉంది. బొమ్మ మీద చూసేవాళ్ళ ప్రతిబింబం పడితే ఎవరు ఎవర్ని చూస్తున్నారన్నది ఒక్క చట్రంలో వస్తుంది. అందుకు రెండూ స్పష్టంగా ఉండాలి. బొమ్మ అద్దానికి 40 సెంటీమీటర్ల లోపల ఉంది, కెమెరా మీటరున్నర ఇవతల ఉంది, అంటే 1.9 మీటర్లు. కెమెరా పక్కనే నిలబడిన మనిషి ప్రతిబింబం మాత్రం 3 మీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క, ఎందుకంటే వెలుగు అద్దానికి వెళ్ళి తిరిగి రావాలి. బొమ్మ మీద ఫోకస్ పెట్టి, లెన్సు కంతని ఎఫ్/2.8 దాకా వెడల్పుగా తెరిచి నొక్కితే మనిషి మసకబారిపోతాడు. పూర్తి ఫ్రేము కెమెరా, 35 మి.మీ. లెన్సు, కంత సన్నం చేసి ఎఫ్/11, ఫోకస్ 2.3 మీటర్ల దగ్గర: ఇలా పెడితే సుమారు 1.4 నుంచి 6 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ట్యూబులైట్ల గదిలో 200 లక్సులుంటే ఐఎస్‌ఓ 1600 (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) దగ్గర షట్టరు సెకనులో పదో వంతు పడుతుంది.

అంత సేపు చెయ్యి ఆగదు, స్టాండు పెట్టం అని మనమే రాసిచ్చాం. దానికో నాటు మందు ఉంది. కెమెరా అడుగున ఉండే కంతకి సరిపడే పావు అంగుళం బోల్టు కొని, ఆరడుగుల సుతిలి తాడు కట్టండి. తాడు రెండో కొస పాదం కింద తొక్కిపెట్టి కెమెరాని పైకి బిగలాగితే ఊపు చాలావరకు ఆగిపోతుంది. వీపు స్తంభానికి ఆనిస్తే ఇంకా మంచిది. అయిదు తీస్తే మూడు పనికొస్తాయి. షట్టరు వేగం పెంచుదామని సెకనులో రెండువందలో వంతుకి వెళ్ళకండి. మన కరెంటుకి ట్యూబులైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది, ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి.

రంగు విషయంలో మాలో మాకే పేచీ వచ్చింది. ట్యూబులైటు కింద ఆకుపచ్చ జీర వస్తుంది, దాన్ని దిద్దాలా వద్దా? కేటలాగుకైతే దిద్దాలి. మన పనికి దిద్దకూడదన్నదే చివరికి నిలిచింది. ఆ పచ్చజీర కూడా ప్రదర్శనలో భాగమే, జనం చూస్తున్నది ఆ రంగులోనే. అందుకని కెమెరా రంగు అమరికని పగటి వెలుగుకి సరిపడే 5500 కెల్విన్ దగ్గర బిగించేసి లోపలా బయటా అన్ని ఫొటోలూ దాంతోనే తీశాం. బొమ్మలాటవాళ్ళ ఇంటి ముందు ఎండలో తీసిన ఫొటో పక్కన ప్రదర్శనశాల ఫొటో పెడితే ఏ వివరణా అక్కర్లేదు.

డెల్టా గాలి సంగతి ఒకటి. ఏసీ కారులోంచి కెమెరా తీసుకుని నేరుగా రేవులోకి దిగితే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది, తుడిచిన కొద్దీ మళ్ళీ వస్తుంది. కారు దిగే ముందే జిప్పు ఉన్న పాలిథిన్ సంచిలో పెట్టి అరగంట బయట వదిలెయ్యాలి. ఇంట్లో గాలి చొరబడని డబ్బా, అందులో తేమ పీల్చే సిలికాజెల్. వానాకాలం రెండు నెలలు తోలుసంచిలో మర్చిపోయిన లెన్సుకి లోపల సాలెగూడులా బూజు పట్టడం కోనసీమలో కెమెరాలు బాగుచేసేవాళ్ళకి నిత్యం కనబడేదే. తోలుబొమ్మకీ అదే బూజు శత్రువు.

ఇప్పుడు మనుషుల బొమ్మల దగ్గరికి. 'కొండజాతి వేటగాడు' అని ఒక నిలువెత్తు బొమ్మ ఉంది. బట్టల కొట్టు బొమ్మకి ముదురు రంగు పూసి, గోచీ కట్టి, చేతికి విల్లు ఇచ్చారు. కొట్టులో పైట సవరించుకునే భంగిమకి చేసిన వేళ్ళు కాబట్టి విల్లు అందులో ఇమడదు, ఇనుప తీగతో కట్టారు. బొమ్మ మొత్తాన్ని ఎన్ని కోణాల్లో తీసినా అది జాలిగానో వింతగానో వచ్చింది. బాగా దగ్గరగా తీసే 100 మి.మీ. మాక్రో లెన్సుతో మణికట్టు ఒక్కటీ తీశాక కుదిరింది: రంగు రాలిన చోట లోపలి గులాబీరంగు ప్లాస్టిక్, దాని మీద తీగ మెలి. అతుకు ఎక్కడుందో చూసి అక్కడ తియ్యాలి.

ఇలా నిలబెట్టి చూపించే పద్ధతికి మూలం కూడా ఫొటోల్లోనే ఉంది. 1869లో లాంప్రే అనే ఆయన రెండంగుళాల గళ్ళు పడేలా పట్టుదారాలు బిగించిన చట్రం ముందు మనుషుల్ని నిలబెట్టి తియ్యాలని సూచించాడు, ఒళ్ళు కొలవడం తేలికవుతుందని. మద్రాసు ప్రదర్శనశాలకి 1885 నుంచి 1908 దాకా అధికారిగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాలనీ తెగలనీ కొలిచి, ఫొటోలు తీయించి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. బెంగుళూరు కళాకారిణి పుష్పమాల ఎన్., ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీ కలిసి 2000 నుంచి 2004 దాకా చేసిన ఫొటోల వరసలో ఆ గళ్ళ తెర ముందు పుష్పమాల తానే నిలబడింది. కొలతకి నిలబడ్డ మనిషి ఎవరో తెలిసిపోయేసరికి కొలిచేవాడి మీదికి చూపు మళ్ళుతుంది. ఇదంతా తెలిసి కూడా మేం మొదటి విడతలో బొమ్మలాట పెద్దాయన్ని తెల్ల దుప్పటి ముందు, చేతులు పక్కకి పెట్టించి, నడుము దాకా తీశాం. ప్రింటు చూస్తే అచ్చం ఆ సంపుటాల్లోంచి చింపినట్టుంది. సాదా తెర, ఎదురు చూపు, ఖాళీ చేతులు: ఈ మూడూ కలిస్తే మనిషి నమూనా అయిపోతాడు. రెండో విడతలో కూర్చోడం ఎక్కడో, పక్కన ఎవరుండాలో, చేతిలో ఏముండాలో ఆయన్నే చెప్పమన్నాం. ఆయన మనవడి మోటారుసైకిల్ మీద కూర్చున్నారు. అదే వాడాం.

బొమ్మలకి వెనక దీపం పెట్టే పని అన్నిటికంటే కష్టమైంది. బీరువా తెరవమని అడగం అని రాసిచ్చాం గనక దీనికి వేరే అర్జీ పెట్టాలి. అధికారి భయం సబబైనదే: రంగు వేసిన తోలుకి 50 లక్సులు దాటకూడదన్నది సంరక్షణ నియమం. ఆయన్ని ఒప్పించింది లెక్క. వెలుగు చేసే నష్టం ఎంతసేపు పడిందన్న దాన్ని బట్టి పోగవుతుంది. రోజూ 8 గంటలు 200 లక్సుల ట్యూబులైటు కింద ఉండే బొమ్మ రోజుకి 1600 లక్సు గంటలు తింటోంది. మేం అడిగింది 50 లక్సుల్లో అరగంట, అంటే 25. కాగితం మీద ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూశాక సంతకం పెట్టారు. ట్యూబులైట్లు సగం తీయించెయ్యడం ఆ తర్వాత ఆయన సొంతంగా చేసిన పని.

తొమ్మిది వాట్ల పసుపు ఎల్‌ఇడి బల్బు మీటరున్నర దూరంలో సుమారు 50 లక్సులిస్తుంది. నూనె దీపం ఊసెత్తొద్దు, మసి తోలుకి పడుతుంది. బీరువాని గోడ నుంచి ఆరడుగులు జరపడానికి నలుగురు కావాలి. వెనక నీలం రంగు ప్లైవుడ్ పలకకి నాలుగు మరలు. అవి ఊడదీసేది ప్రదర్శనశాల మనుషులే, మన చెయ్యి పడకూడదు. బొమ్మ పైనుంచి నైలాను దారాలతో వేలాడుతోంది కాబట్టి పలక తీసినా కదల్లేదు. పలక ఉన్న చోట ఉతికిన తెల్లపంచె బిగించి, దాని వెనక బల్బు పెట్టాం. ఆటలో పంచె బొమ్మకి ముందుంటుంది, ఇక్కడ వెనక్కి వెళ్ళింది, అద్దం అడ్డం కాబట్టి తప్పలేదు. పంచె లేకుండా చేస్తే చిల్లుల్లోంచి బల్బే కంట్లో గుచ్చుతుంది.

గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పి, కిటికీలు మూసెయ్యాలి. ముందు నుంచి పిసరంత వెలుగు పడినా రంగులు చస్తాయి. కెమెరా కొలతని నమ్మితే తెల్లపంచెని బూడిదరంగు చేసి బొమ్మని బొగ్గు చేస్తుంది. కెమెరా చెప్పినదానికి వెలుగు పెంచుతూ సున్నా, ప్లస్ 1, ప్లస్ 2 స్టాపులు, ఇలా మూడు తీసుకోవాలి. మాకు ప్లస్ 1 కుదిరింది. ప్లస్ 2లో పలచటి తోలున్న చోట ఎరుపు తేలిపోయింది. బల్బు మచ్చ చట్రంలో పడకుండా దాన్ని బొమ్మ మొండెం వెనక దాచాలి.

పలక తీసినప్పుడు ఇంకోటి బయటపడింది. బొమ్మ వెనక నడుము దగ్గర నల్లసిరాతో 'ఇంద్రజిత్తు' అని రాసి ఉంది, ఆటవాళ్ళ రాతే. ముందున్న లేబులులో 'తోలుబొమ్మ. మేకచర్మం. కాలం తెలియదు' అని ఉంది. ఏ జంతువు తోలో తెలుసుకున్నారు గానీ ఎవరో అడగలేదు. ఆ వెనక రాతని పక్క నుంచి ఏటవాలు వెలుగులో విడిగా తీశాం. ప్రదర్శనలో జనం ఎక్కువసేపు ఆగింది దాని దగ్గరే.

తీసినవి ప్రింట్లు వేయించి బొమ్మలాట కుటుంబాల దగ్గరికి పట్టుకెళ్ళాం. కాకినాడ దగ్గర మాధవపట్నంలో ఇప్పటికీ ఆడేవాళ్ళున్నారు. ప్రింట్లు 6 బై 9 అంగుళాలు, మ్యాట్ కాగితం. నిగనిగలాడే కాగితం చెమట చేతులకి అతుక్కుంటుంది, దానిమీద కలం సాగదు. జెల్ పెన్ను అలుక్కుపోతుంది, చెరగని మార్కరిచ్చి పది నిమిషాలు ఆరనివ్వాలి. రాయడం రానివాళ్ళ మాట వాళ్ళెదుటే వాళ్ళ మాటలోనే రాసి చదివి వినిపించాలి, పుస్తక భాషలోకి దిద్దకూడదు.

అడిగే తీరులో మేం చాలా రోజులు పొరపాటు పడ్డాం. 'ఇదేంటండీ?' అంటే 'తోలుబొమ్మండి' అని ప్రదర్శనశాల లేబులే తిరిగొచ్చింది. 'ఇందులో తప్పేముందండీ?' అని మార్చాం. ఒకావిడ ప్రింటు అటూ ఇటూ తిప్పి చూసి నవ్వేశారు. "ఇంద్రజిత్తుకి కేతిగాడి చెయ్యి కట్టేరండి." బొమ్మ చేతులు విడి ముక్కలు, కీళ్ళ దగ్గర దారంతో కడతారు. ఎప్పుడో దారం తెగితే పెట్టెలో దొరికిన చెయ్యి తగిలించేశారన్నమాట. హాస్యగాడి చెయ్యితో రావణుడి కొడుకు ఏళ్ళ తరబడి బీరువాలో నిలబడి ఉన్నాడు, మేం కూడా రెండు నెలలు దాన్ని ఫొటోలు తీస్తూ గమనించలేదు.

ఇంకో చిన్న జత. ఇత్తడి పట్టీల ఇనుప కుంచం ఒకటి ఎర్ర మఖమలు మీద, పైన దీపంతో, గుళ్ళో విగ్రహంలా ఉంది. నాలుగు మానికలు ఒక కుంచం అని లేబులు. గింజలు రాశిగా పోసి కొలిచారా, కర్రతో అంచుకి గీసి కొలిచారా అన్నదాని మీద కౌలు రైతు ఇంటికి ఎంత వెళ్తుందో ఉండేది, అది లేబులులో లేదు. అంచుని మాక్రో లెన్సుతో పక్క వెలుగులో తీస్తే ఒకవైపు అరుగుదల స్పష్టంగా కనబడింది. 1992లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఫ్రెడ్ విల్సన్ అనే కళాకారుడు ఒక ప్రదర్శనశాలలో వెండి పాత్రలున్న బీరువాలో బానిసల ఇనుప సంకెళ్ళు పెట్టి, రెంటికీ కలిపి లోహపు పని అని ఒకే లేబులు వేశాడు. మాకు వస్తువుల్ని కదిలించే అధికారం లేదు గనక ఆ పని ప్రింటుతో చేశాం: కుంచం పక్కన దాని అంచు.

ప్రింట్లు 12 బై 18 అంగుళాలవి, 5 మి.మీ. సన్‌బోర్డు మీద అతికించి, అద్దం లేకుండా తగిలించాం. రెండువైపులా అంటుకునే టేపు మన ఉక్కకి మూడో రోజుకే ఊడిపోయింది. మేకూ దారమే నమ్మకం. సగం ప్రింట్లు 145 సెంటీమీటర్ల ఎత్తులో, సగం 110లో. ఇంటివాళ్ళు రాసిన మాటలు ఫొటో కింద టైపు చేయించకుండా వాళ్ళ చేతిరాతతోనే పెట్టాం.

నెల రోజుల అనుమతి అయిపోయి ప్రింట్లు దింపేశాం. లేబులులో ఇంద్రజిత్తు పేరు చేరింది. చెయ్యి మాత్రం అలాగే ఉంది. రిజిస్టరులో బొమ్మ కొలత ఆ చెయ్యిని కూడా కలుపుకుని రాసి ఉంది కాబట్టి చెయ్యి మారిస్తే పద్దు మారాలి, దానికి ఇంకో అర్జీ. దాంతోపాటు నాలుగు ఫొటోలు జతపరచాలన్నారు: ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, భుజం కీలు దగ్గరగా ఒకటి, విడి చెయ్యి ఒక్కటీ ఒకటి. అన్నిటిలోనూ సెంటీమీటర్ల పట్టీ కనబడాలి, వెనక సాదా తెర ఉండాలి.